తిండి మానేసిన చేప కోసం

వేసవి స్టీల్‌హెడ్ అనే చేప సముద్రం వదిలి నదిలోకి మళ్లాక దాదాపు తిండి మానేస్తుంది. ఒంట్లో దాచుకున్న కొవ్వు మీదే నెలల తరబడి గడిపేస్తుంది. నదిలోకి వచ్చేది ఎండాకాలంలో, గుడ్లు పెట్టేది చలికాలం గడిచాక. ఆ మధ్యకాలమంతా రాళ్ల చాటున, లోతు నీటిలో ఊరికే ఉంటుంది. ఆకలి లేని చేపను గాలంతో పట్టాలని తెల్లవారుజామున మూడింటికి లేచి వంద మైళ్లు కారు నడుపుకుంటూ వెళ్లే మనుషులను చూసి మొదట్లో నవ్వుకునేవాడిని. ఇప్పుడు మా ఆవిడ నన్ను చూసి నవ్వుతోంది.

నేనుండేది అమెరికాలోని ఒరెగన్ రాష్ట్రంలో, పోర్ట్‌లాండ్ పక్కనున్న హిల్స్‌బరోలో. ఇక్కడి కంప్యూటర్ చిప్‌ల ఫ్యాక్టరీల చుట్టూ స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో మాదీ ఒకటి. పుట్టి పెరిగింది కోనసీమలో కాబట్టి చేపను తినడం తెలుసు, కొనడం తెలుసు, బేరమాడటం అంతకన్నా బాగా తెలుసు. పట్టడం మాత్రం రాదు. ఆఫీసులో నా పక్క సీటు పెద్దాయన, రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మనిషి, ఆగస్టు వచ్చిందంటే ప్రతి సోమవారం చేతుల నిండా ముళ్ల గీతలతో, ఎండకు పొరలూడిన ముక్కుతో వచ్చేవాడు. ఎన్ని పట్టారని అడిగితే, "ఒకటి తగిలింది, తెంపుకుని పోయింది" అని మహా సంతోషంగా చెప్పేవాడు. పోయినదానికి అంత సంబరం ఏమిటో చూద్దామని, ఒక వేసవిలో నన్నూ వెంట తీసుకెళ్లమన్నాను.

స్టీల్‌హెడ్ వేరే జాతి చేపేమీ కాదు. కొండ వాగుల్లో దొరికే రెయిన్‌బో ట్రౌటే అది. ఒకే వాగులో పుట్టిన పిల్లల్లో కొన్ని అక్కడే ఉండిపోయి ట్రౌట్లుగా బతుకు వెళ్లదీస్తాయి. కొన్ని పసిఫిక్ సముద్రంలోకి వెళ్లి, ఒకటి రెండేళ్లు మేసి, వెండిలా మెరుస్తూ పుట్టిన నీళ్లకే తిరిగొస్తాయి. గోదావరి జిల్లాలవాళ్లకు ఇది విడమరిచి చెప్పాల్సిన సంగతి కాదు. వరద నీరు ఎర్రబారగానే సముద్రం నుంచి ధవళేశ్వరం వైపు ఎదురీదే పులసదీ ఇదే దారి. షినూక్, కోహో వంటి సాల్మన్ జాతులు గుడ్లు పెట్టాక చనిపోతాయి. స్టీల్‌హెడ్ అలా కాదు. ఓపిక మిగిలితే సముద్రానికి తిరిగివెళ్లి, మరోసారి నదికి రాగలదు. అలా రెండోసారి వచ్చేవి కొద్దే అనుకోండి.

పెద్దాయన మొదటి పాఠం నది ఒడ్డున కాదు, ఆఫీసు క్యాంటీన్‌లో మొదలైంది. ఒరెగన్‌లో గాలం వెయ్యాలంటే రాష్ట్ర వన్యప్రాణి శాఖ ఇచ్చే లైసెన్సు ఉండాలి. సాల్మన్, స్టీల్‌హెడ్ పట్టాలంటే దానిపైన ఒక ట్యాగు. అదీ కొలంబియా నదిలోనో దాని ఉపనదుల్లోనో అయితే మరో అనుమతి. ఆ ట్యాగు మీద ఏడాదికి రెండు జాతులూ కలిపి 20 చేపల వరకే ఉంచుకోవచ్చు. ఉంచుకున్న ప్రతి చేపనూ అక్కడికక్కడే, తడి చేతులతోనే, ఏ నదిలో ఏ తేదీన పట్టామో ఫోనులోని యాప్‌లోనో కాగితం ట్యాగు మీదో నమోదు చేయాలి. ఇంటికెళ్లి తీరిగ్గా రాసుకుందామంటే కుదరదు. ఇవి కాక, ఏ నదిలో ఎక్కడి నుంచి ఎక్కడి దాకా, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, నిజమైన ఎర వాడొచ్చా కృత్రిమమైనదే వాడాలా అంటూ పెద్ద నియమావళి. మధ్యలో చేపల రాక తగ్గితే రాత్రికి రాత్రి నిబంధనలు మారిపోతాయి. అందుకని బయల్దేరే ముందు రోజు రాత్రి మళ్లీ చూసుకోవాలి.

అన్నిటికీ మించిన నియమం ఒకటుంది. చేప వీపు మీది పెద్ద రెక్కకూ తోకకూ మధ్య ఇంకో చిన్న రెక్క ఉంటుంది. ఎముక లేని మెత్తటి కండ, బొటనవేలి కొసంత. హేచరీలో పెంచిన పిల్లలను నదిలోకి వదిలే ముందు ఆ చిన్న రెక్కను కత్తిరిస్తారు. రెక్క లేదంటే హేచరీ చేప, ఇంటికి తెచ్చుకోవచ్చు. రెక్క ఉంటే నదిలోనే పుట్టిన చేప, వదిలేయాల్సిందే. ఏది తగిలిందో ఒడ్డుకు లాగేదాకా తెలియదు. ఇదంతా విని, ఇంత కష్టపడి పట్టి వదిలేయడం ఎందుకండీ అన్నాను. ఆయన జవాబు చెప్పలేదు. వచ్చే శనివారం బోనవిల్‌కు రమ్మన్నాడు.

బోనవిల్ ఆనకట్ట కొలంబియా నది మీద, సముద్రానికి సుమారు 235 కిలోమీటర్ల ఎగువన ఉంది. 1938 నుంచి పనిచేస్తోంది. చేపలు ఎక్కి వెళ్లడానికి దాని పక్కన మెట్లు మెట్లుగా నీటి కాలువ కట్టారు. నేల అడుగున ఒక గదిలో గోడంత అద్దాలు పెట్టారు. అద్దం అవతల ఆకుపచ్చ నీళ్లలో చేపలు ఎదురీదుతూ పోతుంటాయి. ఒక షినూక్ సాల్మన్ నా మోచేతి నుంచి వేళ్ల దాకా ఉన్న కొలతకు రెట్టింపు ఉంది. తోక ఆడిస్తూ కాసేపు అద్దం పక్కనే నిలబడి, ఊపు తెచ్చుకుని పైకి పోయింది. పాములాంటి లాంప్రేలు నోటితో అద్దానికి అతుక్కుని సేద తీరుతున్నాయి. స్టీల్‌హెడ్లు సన్నగా, చురుగ్గా, ఆగకుండా పోతున్నాయి. రెక్క ఉన్నదేదో లేనిదేదో చెప్పుకోవడం పిల్లలకు ఆటగా ఉంది. అక్కడ మనుషులు కూర్చుని నిజంగానే లెక్కపెడతారు. ఆనకట్ట తెరిచిన ఏడాది నుంచి ఆ లెక్కలున్నాయి. 2001లో ఆ మెట్లెక్కిన స్టీల్‌హెడ్లు ఆరు లక్షలు దాటాయి. 2021లో లక్ష కూడా చేరలేదు. ఆ ఏడాది సెప్టెంబరు నుంచి, పెద్దాయన గాలం వేసే డెషూట్స్‌తో సహా పలు నదుల్లో స్టీల్‌హెడ్ వేటనే ఆపేశారు. నేనడిగిన ప్రశ్నకు పెద్దాయన జవాబు అదన్నమాట. అప్పటినుంచి ఆఫీసులో అందరూ షేర్ల ధరలు చూసుకునే వేళకు మేమిద్దరం బోనవిల్ లెక్కలు చూసుకుంటున్నాం. అక్కడ అంకెలు పెరిగాయంటే, ఇంకో ఆనకట్ట దాటి డెషూట్స్ నది ముఖద్వారం దగ్గరికి చేపలు వచ్చే రోజు దగ్గరపడ్డట్టే.

రాడ్డుతో, అంటే గాలం కర్రతో, దారం విసరడం నేర్చుకోవడం ఇంకో పెద్ద తతంగం. రెండు చేతులతో పట్టుకునే పదమూడడుగుల రాడ్డు అది. లావుపాటి దారం బరువే దాన్ని ముందుకు తీసుకెళ్తుంది, చివరన గాలానికి బరువంటూ ఏమీ ఉండదు. గాలానికి ఈకలు, బొచ్చు, రంగుదారం చుట్టి చేసిన కృత్రిమ పురుగును ఫ్లై అంటారు. పెద్దాయనకు నచ్చినది గ్రీన్ బట్ స్కంక్ అనే పాతకాలపు ఫ్లై. నల్లటి ఒళ్లు, వెనక మెరిసే ఆకుపచ్చ, పైన తెల్లటి బొచ్చు. ప్రపంచంలో ఏ పురుగూ అలా ఉండదు. తిండి తినని చేప దానికి ఎందుకు నోరు పెడుతుందని అడిగితే నది ఒడ్డున ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతారు. చిన్నప్పుడు వాగులో పురుగులు తిన్న అలవాటని కొందరు, తన చోటికి వచ్చిందన్న కోపమని కొందరు. చేతులు లేవు కాబట్టి ఏదైనా నోటితోనే పట్టి చూస్తుందని పెద్దాయన అంటాడు. నాకు ఆ మాటే నచ్చింది.

శాండీ నది ఒడ్డున, చేపలు లేని చోట, కొన్ని వారాంతాలు విసరడమే నేర్చుకున్నాను. బలం పెడితే దారం కాళ్ల దగ్గరే కుప్పపడుతుంది. పై చెయ్యి ఊరికే దారి చూపాలి, కింది చెయ్యి పొట్టవైపు లాగాలి. క్రికెట్‌లో స్ట్రెయిట్ డ్రైవ్ ఆడేవాళ్లకు త్వరగా వస్తుందని నా అభిప్రాయం, ఎవరూ ఒప్పుకోలేదు.

డెషూట్స్ గురించి చెప్పాలి. ఒరెగన్ అంటే పచ్చటి అడవులూ వర్షాలూ అనుకుంటారు. హుడ్ పర్వతం దాటి తూర్పుకు దిగితే అదంతా మాయమవుతుంది. ఎండిపోయిన గడ్డి కొండలు, నల్లరాతి గోడలు, ఘాటు వాసనవేసే తుప్పలు. ఆ కొండల మధ్య లోయ తవ్వుకుని, ఉత్తరంగా కొలంబియాలో కలిసే నది ఇది. మాపిన్ అనే చిన్న ఊరు దాటాక నది వెంబడే దారి ఉంది. ఆగస్టులో మధ్యాహ్నం ఎండ మన రెంటచింతలను తలపిస్తుంది. రాళ్ల సందుల్లో గిలకపాములుంటాయి, చీకట్లో అడుగు వేసే ముందు కర్రతో తట్టాలి. ఈ నదిలో పడవ మీద తిరగవచ్చు కానీ పడవలో నుంచి గాలం వెయ్యకూడదు. నీళ్లలోకి దిగి, కాళ్ల మీద నిలబడే వెయ్యాలి.

ఆ నిలబడటమే కష్టం. నీరు చొరని తొడుగు ఛాతీ దాకా వేసుకుని, నడుముకు బెల్టు బిగించి, అడుగున మేకులున్న బూట్లతో దిగాలి. పడిపోతే తొడుగులోకి నీళ్లు నిండకుండా కాపాడేది ఆ బెల్టే. నది అడుగున రాళ్లు గుండ్రంగా, నాచు పట్టి ఉంటాయి. కాలు ఎత్తి వేయకూడదు, జరపాలి. ప్రవాహానికి ఎదురుగా ముఖం పెట్టకుండా పక్కకు తిరిగి నిలబడాలి. తొడల దాకా నీరు చాలు, నడుము దాకా వెళ్లేవాడు మూర్ఖుడని పెద్దాయన మొదటే చెప్పాడు. గోదావరి ఈదినవాడినన్న గర్వం ఆ వడిలో ఎందుకూ పనికిరాదు.

స్టీల్‌హెడ్ ఉండే నీరు ఎలా ఉంటుందో చూపించడానికి ఆయన గంటసేపు ఒడ్డునే కూర్చోబెట్టాడు. తెల్లగా నురగలు కక్కే వడిలో అది నిలవదు, కదలని మడుగులోనూ ఉండదు. మనిషి వేగంగా నడిచేంత వేగంతో నీరు పోతుండాలి, లోతు మూడు నుంచి ఆరడుగులు, అడుగున మోకాలెత్తు రాళ్లు. నీటి మీద చిన్న ముడతలుండాలి. ఇంకొకటి, వెలుతురు. సూర్యుడు లోయ గోడ మీదుగా తొంగిచూసి నీళ్ల మీద పడ్డాడంటే ఉదయం వేట అయిపోయినట్టే. మళ్లీ సాయంత్రం నీడ దిగాకే. పగలంతా చెట్టు కింద నిద్ర.

పద్ధతి ఇదీ. ఆ నీటికి ఎగువ కొసన మొదలుపెట్టాలి. అడ్డంగా, కాస్త దిగువకు విసరాలి. ప్రవాహం దారాన్ని వంచుతూ ఫ్లైని మెల్లగా మన ఒడ్డువైపు తెస్తుంది. పూర్తిగా మన కిందికి వచ్చాక కాసేపు అలాగే వేలాడనివ్వాలి. రెండడుగులు దిగువకు జరిగి మళ్లీ విసరాలి. ఇంతే. వెనక వచ్చేవాడు ఎగువ నుంచే మొదలుపెట్టి మన వెనకే దిగాలి. ముందుకు దూరి మన దిగువన నిలబడటం ఈ నది మీద క్షమించరాని పని. లైసెన్సు కాగితంలో ఉండదు, కానీ అంతకన్నా గట్టిగా అమలవుతుంది.

ఆ వేసవి శనివారాలు చాలావరకు ఇలాగే పోయాయి. విసరడం, ఆగడం, రెండడుగులు. చిన్న ట్రౌట్లు తగిలేవి. పెద్దాయనకు అప్పుడప్పుడు ఒకటి తగిలేది. నాకు ఏమీ లేదు. విసుగు రాలేదంటే అబద్ధం. ఒడ్డు మీది రైలు పట్టాల మీద గూడ్సు బండి పోతుంటే పెట్టెలు లెక్కపెట్టేవాడిని. అలాంటప్పుడు ఏమీ ఆలోచించని బుర్ర చాలా తేలిగ్గా ఉంటుంది, ఆఫీసులో అది దొరకదు. అంతకు మించి తత్వం చెప్పను.

సెప్టెంబరు మొదట్లో ఒక సాయంత్రం, నీడ దిగి నీళ్లు సిరారంగుకు తిరిగాక, దారం వేలాడుతున్న క్షణంలో చేతికి బరువు తెలిసింది. దెబ్బ కాదు, గుంజడం కాదు. రాయికి తగులుకున్నట్టు మెల్లగా బరువు. రాడ్డు వెంటనే ఎత్తకూడదన్న మాట ఆయన నాకు నూరిపోసి ఉన్నాడు. ఎత్తితే గాలం నోట్లో నుంచి జారిపోతుంది. చేప తనంతట తాను తిరిగి, దారం లాగి, గాలం నోటి మూలకు దిగాక అప్పుడు ఒడ్డువైపు రాడ్డు వంచాలి. దారం చుట్టి ఉండే రీలు కిర్రుమంటూ తిరగడం మొదలైంది. ఆ శబ్దం ఆగలేదు. లావుపాటి దారం అయిపోయి, వెనకున్న సన్నటి దారం బయటికి వచ్చింది. నది మధ్యలో, నేను చూస్తున్న చోటు కాదు, చాలా దిగువన, చేప గాలిలోకి లేచి అడ్డంగా పడింది. అది నాదేనని అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది.

ఒడ్డు వెంబడి దిగువకు నడుస్తూ, చుట్టిన దారాన్ని అది మళ్లీ లాక్కుంటూ ఉంటే మళ్లీ చుడుతూ, చివరికి మోకాళ్ల లోతు నీళ్లలోకి తెచ్చాను. పెద్దాయన వలతో రాలేదు. "నీళ్లలోనే ఉంచు, రెక్క చూడు" అన్నాడు. తోక మొదట్లో పట్టుకున్నాను. బిగుతుగా, చల్లగా ఉంది. వీపు ఆలివ్ రంగు, పక్కలు వెండి, బుగ్గ మీద లేత గులాబీ ఛాయ. చిన్న నల్ల చుక్కలు తోక కొస దాకా ఉన్నాయి. తోకకు ముందు ఆ చిన్న రెక్క నిక్కపొడుచుకుని ఉంది. నదిలో పుట్టిన చేప. అయిదారు పౌన్లుంటుంది.

గాలం కొసనుండే ఎదురుముల్లును ముందే పట్టకారుతో నొక్కేసి ఉండటం వల్ల వేలితో తిప్పగానే వచ్చేసింది. మొప్పలు ముట్టుకోకుండా, పొట్ట నొక్కకుండా, తల ఎగువకు పెట్టి పట్టుకున్నాను. మొప్పలు ఆడుతున్నాయి. చేప బలం తెచ్చుకున్న సంగతి నా చేతికి తెలిసింది. ఒక్క విదిలింపుతో ముఖం మీద నీళ్లు కొట్టి పోయింది.

ఆ రాత్రి ఫోనులో అమ్మకు చెప్పాను. "అంత దూరం వెళ్లి, అంతసేపు నీళ్లలో నానబెట్టుకుని, చేతికొచ్చిందాన్ని వదిలేశావా నాన్నా?" అంది. వదలకపోతే జరిమానా వేస్తారమ్మా అన్నాను. "అయితే సరే" అంది. జరిమానా లేకపోయినా వదిలేసేవాడినా అని తర్వాత ఆలోచించాను. బోనవిల్ గదిలో ఆ లెక్కలు చూసినవాడిగా వదిలేస్తాననే అనుకుంటున్నాను.

హేచరీ చేపల విషయంలో మాత్రం నా మనసు రెండుగా ఉంది. ఆనకట్టలు కట్టి పై వాగులకు దారి మూసినందుకు బదులుగా పెంచి వదులుతున్న చేపలవి. అవి లేకపోతే నాలాంటివాడికి ఇంటికి తెచ్చుకునే హక్కు ఉండదు. అవే దారితప్పి సహజ చేపలతో కలిసి గుడ్లు పెడితే, ఆ పిల్లలు నదిలో తట్టుకుని బతికేది తక్కువని శాస్త్రజ్ఞులు చెబుతారు. నేను తినే చేప నేను వదిలే చేపకు చెరుపు చేస్తోందన్నమాట. హేచరీ చేప తగిలితే అందుకే మొహమాటపడను, నిశ్చింతగా ఇంటికి తెస్తాను. జేబులో చిన్న థర్మామీటరు కూడా ఉంటుంది. నీరు 20 డిగ్రీల సెల్సియస్ దగ్గరికి వచ్చిందంటే రాడ్డు మడిచేస్తాను. వేడి నీటిలో అలసిన చేప వదిలినా బతకడం కష్టం. ఒరెగన్‌లో నీళ్లు వేడెక్కిన నదుల్లో మధ్యాహ్నం రెండు తర్వాత వేట ఆపేయమనే ఉత్తర్వులు కూడా వస్తుంటాయి.

మాపిన్‌కు దిగువన షెరర్స్ జలపాతం ఉంది. అక్కడ నల్లరాళ్ల మీద చెక్క వేదికలు కట్టుకుని, పొడవాటి గెడలకు కట్టిన వలలతో వార్మ్ స్ప్రింగ్స్ ఆదివాసీ తెగలవాళ్లు ఇప్పటికీ సాల్మన్ పడతారు. అమెరికా ప్రభుత్వంతో చేసుకున్న 1855 ఒప్పందంలో వాళ్లు తమ భూములు వదులుకున్నా చేపల హక్కు వదులుకోలేదు. కొలంబియా మీద ఇంతకన్నా ఎంతో పెద్దదైన సెలైలో జలపాతం 1957లో ద డాల్స్ ఆనకట్ట నీళ్ల కింద మునిగిపోయింది. షెరర్స్ దగ్గర వంతెన మీద కారు ఆపి చూస్తుంటే నా పదమూడడుగుల రాడ్డు నాకే కాస్త నాటకంలా అనిపించింది. నిజానికి ఇంటికి చేపే కావాలంటే గాలం అక్కరలేదు. సీజనులో కాస్కేడ్ లాక్స్ ఊళ్లో వంతెన దగ్గర తెగలవాళ్లు ఆ రోజు పట్టిన సాల్మన్‌ను మంచుపెట్టెల్లో పెట్టి అమ్ముతారు. పెట్రోలు, రాడ్డు, తొడుగు, లైసెన్సు అన్నీ లెక్కవేస్తే అక్కడ కొనడమే ఎన్నో రెట్లు చవక. ఈ లెక్క మా ఆవిడ నాకంటే ముందే వేసింది.

నా ట్యాగు మీద మొదటి చేప స్టీల్‌హెడ్ కాదు, కోహో సాల్మన్. అక్టోబరులో వానలు పడి శాండీ నది కాస్త పెరిగాక కోహోలు హేచరీ వాగు ముఖం దగ్గరికి గుంపుగా వస్తాయి. మనుషులూ గుంపుగానే వస్తారు. భుజం భుజం తగిలేలా నిలబడి, ఒకరి దారం ఇంకొకరి దారంలో చిక్కుకుంటూ, డెషూట్స్ మర్యాదలేవీ అక్కడ లేవు. నాకు ఆ రద్దీ నచ్చలేదు. అక్కడి నుంచి దిగువకు నడిచి, చెట్టు పడిపోయి నీరు నెమ్మదించిన ఒక మడుగు దగ్గర చిన్న రాడ్డుతో జిగ్ వేశాను. సీసపు తల, ఊదారంగు బొచ్చు. అది మునుగుతుంటే రాడ్డు కొసతో చిన్న కుదుపులివ్వాలి. కోహో దాన్ని పైకి లేస్తుండగా కాదు, కిందికి పడుతుండగా పట్టుకుంటుంది. దారం వదులైందంటే చేప పట్టినట్టే.

తగిలింది హేచరీ చేప. రెక్క ఉండాల్సిన చోట నున్నటి మచ్చ. గాలం నోటి లోపలే ఉందో లేదో చూసుకున్నాను. పొట్టకో వీపుకో తగిలితే హేచరీ చేపనైనా వదిలేయాలి. రద్దీలో కావాలని అలా లాగేవాళ్లుంటారు కాబట్టి పోలీసులు చూసేదీ అదే. తల మీద రాతితో ఒక దెబ్బ, మొప్ప కోసి రక్తం పోనివ్వడం, యాప్‌లో నమోదు, అక్కడే పొట్ట శుభ్రం చేసి మంచులో పెట్టడం. రక్తం తీయకపోతే మాంసం రుచి చెడుతుంది, ఈ ఒక్క పని మా ఊరి చేపల మార్కెట్లో కూడా నేర్పరు.

వంట అమ్మ ఫోనులో చెప్పినట్టే చేశాం. చింతపండు పులుసు బాగా చిక్కబడ్డాకే ముక్కలు వేశాం, కోహో కండ మెత్తన, పొరలు పొరలుగా విడిపోతుంది. గరిటె పెట్టలేదు, గిన్నె పట్టుకుని తిప్పాం. నూనె సగానికి తగ్గించాం, చేపలోనే కావలసినంత ఉంది. అయినా పులుసులో ఆ చేప తన రుచి పోగొట్టుకుందని నా అభిప్రాయం. మిగిలిన ముక్కలకు ఉప్పు, కారం, పసుపు, నిమ్మరసం పట్టించి పెనం మీద చర్మం వైపు కాల్చాం. అది మాత్రం బ్రహ్మాండం. తలకాయ పులుసుకే సరి, దాని గురించి మా ఇంట్లో రెండో మాట లేదు.